మొదటి ఘట్టం ఉచితం



ఈనాటి ప్రసంగానికి తీసుకున్న విషయం కంప్యూటర్ ఆటలు. బడిలో పాఠం చెప్పేవాళ్లు రేడియోలో ఆటల గురించి చెప్పడమేమిటని పెద్దవాళ్లకు అనిపించవచ్చు. ఆట ఎలా ఆడాలో చెప్పడం ఈ ప్రసంగం ఉద్దేశం కాదు. ఒక ఆటను మూడు ముక్కలుగా ఎందుకు చేశారు, అందులో మొదటి ముక్కను ఊరికే ఎందుకు పంచిపెట్టారు, అలా పంచిపెట్టిన సరుకు అమెరికా దాటి మన మాధవరం దాకా, గుమ్మిడిపూండి, తడ, సూళ్లూరుపేట దాకా వచ్చేసరికి ఏమైంది అన్నదే మనం చూడబోయే విషయం.

ముందుగా ఆట సంగతి. తెర మీద మనకు కథానాయకుడు కనిపించడు. ముందుకు చాచిన చేయి, ఆ చేతిలో తుపాకీ, దాని ముందు ఒక నడవ, ఆ నడవ చివర ఒక తలుపు, ఇంతే కనిపిస్తాయి. ఆడేవారి కళ్లే కథానాయకుడి కళ్లు. ఇటువంటి ఆటలను ఫస్ట్ పర్సన్ షూటర్ అంటారు. వ్యాకరణం చదివినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. కథ అంతా ఉత్తమ పురుషలో జరుగుతుందన్నమాట. ఈ కోవలో బాగా పేరు పడ్డ ఆట డూమ్. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఇద్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ దీన్ని తయారు చేసి, 1993 డిసెంబరు 10న విడుదల చేసింది. జాన్ కార్మాక్, జాన్ రొమేరో అందులో ముఖ్యులు.

డూమ్‌లో మొత్తం 27 లెవెళ్లు. లెవెల్ అంటే ఒక కోటలో ఒక అంతస్తు అనుకోండి. లోపలికి దిగిన చోటునుంచి బయటపడే మీట దొరికేదాకా శత్రువులను తప్పించుకుంటూ, చంపుకుంటూ, రంగుల తాళపుచెవులు వెతుక్కుంటూ పోవాలి. ఈ 27 లెవెళ్లనూ ఒకే వరసలో పెట్టలేదు. తొమ్మిదేసి చొప్పున మూడు ఘట్టాలు చేశారు. వాళ్లు వీటిని ఎపిసోడ్లు అన్నారు. మొదటిది అంగారక గ్రహపు ఉపగ్రహం ఫోబోస్ మీద, రెండోది ఇంకో ఉపగ్రహం డీమోస్ మీద, మూడోది సాక్షాత్తు నరకంలో జరుగుతుంది. ప్రతి ఘట్టంలోనూ ఎనిమిది లెవెళ్లు దారిన కనిపిస్తాయి, తొమ్మిదోది రహస్యం. గోడల్లో దాగిన దారి కనిపెట్టినవారికే అది దొరుకుతుంది.

ఘట్టాలుగా కథ చెప్పడం మనకేమీ కొత్త కాదు. చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు జరిగే భారతం మీలో చాలామంది చూసే ఉంటారు. పగలు హరికథ, రాత్రి నాటకం. ఒక రాత్రి బకాసుర వధ, ఒక రాత్రి ద్రౌపదీ కల్యాణం, ఇంకో రోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కడం. చివరికి దుర్యోధన వధ. ఇటు తమిళ పల్లెల్లో తెరుక్కూత్తుది కూడా ఇదే పద్ధతి. ఏ రాత్రి కథ ఆ రాత్రికి పూర్తి అవుతుంది. అయినా రేపటి మీద ఆశ మిగులుతుంది. అచ్చులోకి వస్తే, ఇదే మద్రాసులో 1947 జూలైలో మొదలైన చందమామ ఉంది. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, జ్వాలాద్వీపం వంటి సీరియళ్లు నెలనెలా ఒక భాగం వచ్చేవి. ఏ గుహ ముందో, ఏ రాక్షసుడి ఎదుటో కథ ఆగేది. పిల్లలు నెల రోజులు ఆగేవాళ్లు.

ఈ రెండింటిలో డబ్బు ఎక్కడ చేతులు మారుతుందో గమనించండి. భారతానికి ఊరంతా ముందే చందాలు వేసుకుంటుంది. కథకుడికి తాంబూలం ముందే ఖాయం కాబట్టి అతను దేన్నీ దాచిపెట్టి ఊరించనక్కరలేదు. చందమామకు ప్రతి నెలా వెల కట్టాలి, అందుకే ప్రతి నెలా కథ ఉత్కంఠలో ఆగాలి. డూమ్‌లో పద్ధతి మూడోది. మొదటి ఘట్టం ఎవరికైనా ఉచితం. తక్కిన రెండూ కావాలంటే ఒక్కసారి డబ్బు కట్టాలి. ఆ డబ్బు వచ్చే చోటే కథను కోసే చోటును నిర్ణయించింది. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

ఈ పద్ధతికి షేర్‌వేర్ అని పేరు. పేరులోనే పంచుకోవడం ఉంది. దీని మొదలు ఆటల్లో కాదు, ఆఫీసు పనుల్లో ఉంది. 1982లో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ అనే ఆయన పీసీ టాక్ అనే ప్రోగ్రాము రాశాడు. అదే రోజుల్లో జిమ్ నాఫ్ పీసీ ఫైల్ రాశాడు. దుకాణాల్లో అమ్మకుండా, "కాపీ చేసుకోండి, స్నేహితులకు ఇవ్వండి, పనికొస్తే మాకు కొంత డబ్బు పంపండి" అనే షరతుతో వాటిని వదిలిపెట్టారు. ఆ తరువాతి ఏడు బాబ్ వాలెస్ తన పీసీ రైట్‌ను ఇలాగే పంచి, దానికి షేర్‌వేర్ అన్న మాట వాడాడు. పూర్తి ప్రోగ్రాము చేతిలో పెట్టి, డబ్బు సంగతి మనస్సాక్షికి వదిలిపెట్టడమన్నమాట. రోజూ ఆఫీసులో వాడే ప్రోగ్రాముకు డబ్బు పంపాలని కొందరికైనా తోచేది. ఆటకు ఎవరికి తోస్తుంది? ఆడటం అయిపోయాక పంపాలన్న పట్టింపు ఎవరికి ఉంటుంది?

ఈ చిక్కుకు ఉపాయం కనిపెట్టినవాడు టెక్సాస్‌కే చెందిన స్కాట్ మిల్లర్. అపోజీ అన్న పేరుతో ఆటలు పంచేవాడు. మనస్సాక్షి మీద నడిచే పద్ధతిలో తనకు పెద్దగా ఏమీ రాకపోవడంతో, 1987లో క్రోజ్ అనే ఆటను సంపుటాలుగా విడగొట్టాడు. మొదటి సంపుటం ఉచితంగా వదిలి, మిగతావి డబ్బు పంపినవారికే పంపాడు. ఇక్కడ అడుక్కోవడం లేదు, బెదిరించడం లేదు. రుచి చూశారు, ఇంకా కావాలంటే వెల ఇది. మిల్లరే తరువాత ఇద్ సంస్థను స్థాపించబోయే కుర్రవాళ్లను ఈ దారిలోకి తెచ్చాడు. 1990 డిసెంబరులో వాళ్ల కమాండర్ కీన్, 1992 మే 5న వుల్ఫెన్‌స్టైన్ త్రీడీ ఇలాగే వచ్చాయి. వుల్ఫెన్‌స్టైన్‌లో నాజీల కోట జైలు నుంచి తప్పించుకోవడం మొదటి ఘట్టం. అది ఉచితం. పది అంతస్తులు, చివర ఒక భారీ కాపలాదారు, వాణ్ణి పడగొడితే కోట బయట వెలుగు. ఆ కథ అక్కడికి నిజంగానే ముగిసింది. ఎవరూ మోసపోయామనుకోనక్కరలేదు.

డూమ్‌లో ఈ పద్ధతి ఇంకా పదునెక్కింది. శ్రోతలు కాస్త ఓపిక పడితే దాని లోపలి అమరిక కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అసలు రుచి అక్కడే ఉంది.

మొదటి ఘట్టం ఉచితమంటే అది నాసిరకం అని అర్థం కాదు. దుకాణాదారు బస్తా మీద పైపొరలో మంచి బియ్యం పోసినట్టు, తమ చేతిలో ఉన్న మంచి పనంతా అక్కడ పెట్టాలి. జనం చూసేది దాన్నే గదా. ఆ ఘట్టంలో చాలా లెవెళ్లను రొమేరో స్వయంగా కట్టాడు. మొత్తం ఆటలో అన్నిటికంటే తీరైన భాగం అదేనని ఇప్పటికీ ఎందరో అంటారు, నా అభిప్రాయమూ అదే. మూడో ఘట్టంలోని నరకం కన్నా మొదటి ఘట్టంలోని ఆ పాడుబడ్డ కర్మాగారమే ఎక్కువ భయపెడుతుంది.

ఇక దాచిపెట్టినవి ఏమిటి? ప్లాస్మా తుపాకీ, దానికంటే పెద్దదైన ఇంకో మహాయుధం మొదటి ఘట్టంలో ఎక్కడా దొరకవు. గాలిలో తేలే ఒంటికంటి భూతం రెండో ఘట్టంలోనే ఎదురవుతుంది. రెండో ఘట్టం చివరి రాక్షసుడు, మూడో ఘట్టం చివరి సాలెపురుగు రాక్షసి సంగతి చెప్పనక్కరలేదు. కాబట్టి డబ్బు కట్టినవారికి దొరికేది ఇంకో పద్దెనిమిది లెవెళ్లు మాత్రమే కాదు, కొత్త ఆయుధాలు, కొత్త శత్రువులు కూడా.

మరో చిన్న సంగతి. ఏ ఘట్టమైనా నేరుగా మొదలుపెట్టవచ్చు. అందువల్ల ప్రతి ఘట్టమూ చేతిలో ఒక్క పిస్తోలుతోనే మొదలవుతుంది. మరి మొదటి ఘట్టంలో కష్టపడి సంపాదించిన తుపాకులన్నీ ఏమైనట్టు? దీనికి వాళ్లు కథలోనే ఒక ఉపాయం చూశారు. ఎనిమిదో లెవెల్లో ఇద్దరు పెద్ద రాక్షసులను చంపి, గెలిచామనుకుని, ఎదురుగా ఉన్న ద్వారంలో కాలు పెడతాం. అది మనల్ని ఒక చీకటి గదిలో పడేస్తుంది. చుట్టూ రాక్షసులు. ప్రాణం పోయే దెబ్బ తగులుతుంది, అక్కడితో ఘట్టం ముగుస్తుంది. తరువాత తెర మీద వచ్చే మాటల సారాంశం, గెలిచాక కూడా గెలుపు దక్కలేదేమిటి అని. ఆ వెంటనే తక్కిన రెండు ఘట్టాలూ ఆడమని పిలుపు. కథానాయకుడు ఆయుధాలు పోగొట్టుకోవడం, ఆడేవారికి కసి పుట్టడం, సంస్థకు డబ్బు రావడం, మూడు పనులూ ఆ ఒక్క చీకటి గదిలోనే జరిగిపోయాయి. అంగడి అవసరం కథను పాడు చేస్తుందని మనం అంటుంటాం. ఇక్కడ మాత్రం అంగడి అవసరమే మంచి ముగింపును రాసిందని ఒప్పుకోవాలి.

ఇది నా ఊహ మాత్రమే కాదనడానికి రుజువు కావాలంటే, ఆ మరుసటి సంవత్సరం 1994లో వచ్చిన డూమ్ రెండో ఆటను చూడండి. దాన్ని షేర్‌వేర్‌గా పంచలేదు. పెట్టెలో పెట్టి నేరుగా దుకాణాల్లో అమ్మారు. అందులో ఘట్టాలు లేవు! ముప్పై లెవెళ్లు ఒకే తాడు మీద పూసల్లా సాగుతాయి, మధ్యమధ్య కొన్ని మాటలు వస్తాయి. అదే సంస్థ, ఆ ఆట మీద పనిచేసింది దాదాపు ఆ మనుషులే. అమ్మే పద్ధతి మారేసరికి కథ ఆకారం మారిపోయింది. 1996 జూన్ 22న క్వేక్ అనే ఆటను మళ్లీ షేర్‌వేర్‌గా వదిలినప్పుడు ఘట్టాలు మళ్లీ తిరిగివచ్చాయి. అందులో మొదటగా ఒక మండపంలోకి దిగుతాం. ఒక్కో ఘట్టానికి ఒక్కో ద్వారం. నడుచుకుంటూ పోయి ఏ ద్వారం కావాలో ఎంచుకోవాలి. డబ్బు కట్టనివారికి ఒక్క ద్వారమే దారి ఇస్తుంది. మిగతా వాటి దగ్గరికి పోతే, పూర్తి ప్రతి ఉంటేగాని ప్రవేశం లేదని చెబుతుంది. టిక్కెట్ గేటునే కోట గుమ్మంగా కట్టేశారు.

డూమ్ మొదటి ఘట్టం రెండు ఫ్లాపీల్లో పట్టేది. విడుదల రోజున దాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్లోకి ఎక్కించారు. ఎదురుచూస్తున్నవాళ్లతో ఆ కంప్యూటర్ ఎంత కిక్కిరిసిందంటే, ఎక్కించాల్సిన ఇద్ వాళ్లకే లోపలికి పోను సందు దొరకలేదు. అక్కడినుంచి అది చేతులు మారుతూ ప్రపంచమంతా తిరిగింది. దీన్ని కాపీ చేయడానికి సంస్థ అనుమతే ఉంది. దుకాణాదారులు ఆ ఫ్లాపీలను తమకు తోచిన ధరకు అమ్ముకోవచ్చు, ఇద్‌కు పైసా ఇవ్వనక్కరలేదు అని కూడా చెప్పారు. ఎందుకంటే అమ్మినవాడు తెలియకుండానే వాళ్లకు ప్రచారకుడవుతాడు.

ఇప్పుడు మన వైపు వద్దాం.

1993లో మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ లేదు. విదేశ్ సంచార్ నిగమ్ దాన్ని ప్రజలకు ఇవ్వడం మొదలుపెట్టింది 1995 ఆగస్టు 15న. అది అందిన తొలి నగరాల్లో మద్రాసు ఒకటి. ఆ రోజుల్లో సెకనుకు 9,600 బిట్ల మోడెమ్ మీద ఈ రెండు ఫ్లాపీల సరుకు దిగడానికి, లైను తెగకుండా ఉంటే, దాదాపు ముప్పావుగంట పడుతుంది. లైను తెగకుండా ఉండటం అన్నది వేరే కథ! అందువల్ల మన దగ్గరికి ఇటువంటివి ఎక్కువగా ఫ్లాపీల్లో, ఆ తరువాత సీడీల్లో వచ్చాయి. అమెరికా నుంచి సెలవుకు వచ్చిన బంధువు తెచ్చినవి కొన్ని, మౌంట్‌రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లోను, బీచి స్టేషను దగ్గర బర్మా బజారులోను కొన్నవి కొన్ని. తరువాత కంప్యూటర్ మాసపత్రికలు తమతోపాటు ఇచ్చే సీడీల్లోనూ ఇలాంటి మొదటి ఘట్టాలు ఉండేవి.

నేను హైస్కూల్లో ఉన్న రోజుల్లో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో, పాఠం అయ్యాక మిగిలిన పది నిమిషాల్లో కుర్రాళ్లు డూమ్ ఆడటం చూశాను. ఫ్లాపీ మీద పెన్నుతో పేరు రాసి ఉండేది, అంతే. మెనూలో రెండో ఘట్టం నొక్కితే, ఇది షేర్‌వేర్ ప్రతి, మిగతావి ఆర్డరు చేసుకోండి అని ఇంగ్లీషులో వచ్చేది. ఆ వాక్యాన్ని మేమంతా ఏదో లోపమని అనుకునేవాళ్లం. ఫ్లాపీ పాడైందన్నాడు ఒకడు. ఇంకొకడు "మచ్చా, వైరస్ డా" అన్నాడు. అది ఒక బేరం, ఎవరో మనల్ని డబ్బు అడుగుతున్నారు అన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టలేదు.

తట్టినా చేయగలిగేది ఏముంది? పూర్తి డూమ్ వెల 40 డాలర్లు. 1993లో డాలరుకు సుమారు 31 రూపాయలు, అంటే పన్నెండు వందల పైచిలుకు. అది కూడా పెద్ద అడ్డంకి కాదనుకుందాం. డబ్బు పంపేది ఎలా? అప్పటికి 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం అమల్లో ఉంది. అది పోయి ఫెమా చట్టం అమల్లోకి వచ్చింది 2000 జూన్ 1న. ఒక ఆట కోసం డాలర్లలో డ్రాఫ్టు తీయిస్తామని మధ్యతరగతి తండ్రి బ్యాంకుకు వెళ్లడం ఊహించండి. విదేశాల్లో చెల్లే క్రెడిట్ కార్డు ఏ కొద్దిమంది దగ్గరో ఉండేది. తెర మీద ఇచ్చిన ఉచిత ఫోను నంబరు అమెరికావాళ్ల కోసం పెట్టింది. మన ఎస్టీడీ బూత్ నుంచి ఐఎస్‌డీ మాట్లాడితే నిమిషనిమిషానికీ మీటరు చూసుకోవాలి.

అందువల్ల ఈ బేరంలో సగమే సముద్రం దాటి వచ్చింది. కాపీ చేసుకోండి అన్న సగం మన దాకా చేరింది. నచ్చితే డబ్బు పంపండి అన్న సగానికి ఇక్కడ దారి లేదు. ఆ ఖాళీని బజారు నింపింది. ఒకే బల్ల మీద రెండు రకాల సరుకు ఉండేది. మొదటి ఘట్టం ఒక్కటే ఉన్న ఫ్లాపీ అమ్మడం, ఇద్ అనుమతి ప్రకారం, న్యాయమైన వ్యాపారమే. దాని పక్కనే మూడు ఘట్టాలూ ఉన్న కాపీ దొంగసరుకు. మన చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాములకు కాపీరైటు రక్షణ 1984 సవరణతోనే వచ్చింది. 1995 మే నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడినవారికి కూడా కనీసం ఏడు రోజులు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, జరిమానా ఉన్నాయి. కానీ కొనేవాడి కంటికి రెండు ఫ్లాపీలూ ఒక్కలాగే ఉంటాయి. ఇస్తే తప్పులేనిది, ఇవ్వకూడనిది అనే తేడా మాకు ఎవరూ నేర్పలేదు. ఒక తరమంతా "కంప్యూటర్లో వచ్చేదేదైనా కాపీ చేసుకోవచ్చు" అన్న అభిప్రాయంతో పెద్దదైంది. దీన్ని దొంగబుద్ధి అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. డబ్బు కట్టే కిటికీ మూసి ఉన్న చోట వరసలో నిలబడలేదని ఎవరిని తప్పుపడతాం?

అమెరికాలోనూ ఈ పద్ధతికి ఎదురుదెబ్బలు తగిలాయి. 1996లో ఇద్ వాళ్లు క్వేక్ మొదటి ఘట్టాన్ని సీడీలో దుకాణాలకు పంపుతూ, అదే సీడీలో పూర్తి ఆటను కూడా తాళం వేసి పెట్టారు. ఫోను చేసి డబ్బు కడితే తాళం తీసే సంకేతం చెబుతారు. కొద్దికాలానికే ఆ తాళాన్ని పగలగొట్టే ప్రోగ్రాము బయటికి వచ్చింది. ఆ తరువాత ఆటలు పెద్దవై సీడీలు నిండిపోయాయి, దుకాణాలు పెరిగాయి. పూర్తి ఘట్టాన్ని ఉచితంగా ఇవ్వడం తగ్గి, డెమో అనే చిన్న తునక ఇవ్వడం మొదలైంది. ఘట్టానికి మొదలూ చివరా ఉంటాయి, డెమోకు ఉండవు. సినిమాలో మొదటి అరగంట చూపించి లైట్లు వేసినట్టు ఉంటుంది. ఘట్టాల పద్ధతిని 2006లో వాల్వ్ సంస్థ హాఫ్ లైఫ్ రెండో ఆటకు కొనసాగింపుగా మళ్లీ ఎత్తుకుంది. ఈసారి ఏ ఘట్టానికి ఆ ఘట్టం వెల. మొదటిది 2006లో, రెండోది 2007లో వచ్చాయి. రెండో ఘట్టం గుండె పిండే చోట ఆగింది. చెప్పిన మూడో ఘట్టం రానేలేదు. చందమామ సీరియలు అలా మధ్యలో ఆగిపోయి ఉంటే వడపళనికి ఎన్ని కార్డులు వచ్చేవో!

ఈనాటి పిల్లల చేతిలో ఫోను ఉంది. అందులో ఆటలన్నీ ఉచితమే అంటారు. మా తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు, "టీచర్, మీ కాలంలో మొదటి పార్టే ఫ్రీ, ఇప్పుడు ఫుల్ గేమూ ఫ్రీ" అన్నాడు. ఆ ఆటలో తుపాకీకి రంగు మార్చడానికి, బొమ్మకు చొక్కా వేయడానికి ఎంత ఖర్చయిందిరా అంటే, వాళ్ల నాన్న ఫోనులోంచి ఎంత పోయిందో లెక్క చెప్పలేకపోయాడు. నా దృష్టిలో పాత పద్ధతే మర్యాదైనది. వెల ఎంతో ముందే చెప్పేవాళ్లు, ఒక్కసారే తీసుకునేవాళ్లు, ఆపైన మొత్తం మీదే. కొనకపోయినా తొమ్మిది లెవెళ్ల పూర్తి కథ ఊరికే మిగిలేది. ఇప్పటి ఆటలకు చివరి లెవెలే ఉండదు, కాబట్టి చివరి బిల్లూ ఉండదు. ఇంట్లో పిల్లలు ఉచిత ఆట అడిగినప్పుడు, డబ్బు ఎక్కడ, ఎన్నిసార్లు అడుగుతుందో చూడమని మాత్రం తల్లిదండ్రులకు చెబుతాను.

డూమ్ మాత్రం ఇంకా బతికే ఉంది. 1997 డిసెంబరులో దాన్ని నడిపే ప్రోగ్రామును అందరూ చదువుకునేలా ఇద్ సంస్థ బయటపెట్టింది. అందువల్ల ఎన్నో రకాల యంత్రాల మీద అది ఈనాటికీ నడుస్తోంది. ఇప్పుడు పూర్తి ఆటను మన రూపాయల్లోనే, ఇంట్లో కూర్చుని కొనుక్కోవచ్చు. మూసి ఉన్న కిటికీ తెరుచుకుంది, కాస్త ఆలస్యంగా. 1995లో అదనంగా ఒక నాలుగో ఘట్టం చేర్చారు. 2019లో జాన్ రొమేరో సొంతంగా తొమ్మిది లెవెళ్లతో సిజిల్ అనే అయిదో ఘట్టం కట్టి ఉచితంగా వదిలాడు. డూమ్‌కు సరిగ్గా ముప్పై ఏళ్లు నిండిన 2023 డిసెంబరు 10న దానికి రెండో భాగం, అంటే ఆరో ఘట్టం కూడా ఇచ్చాడు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఆ కొత్త ఘట్టాలు నడవాలంటే కంప్యూటర్లో పాత డూమ్ పూర్తి ప్రతి ఉండాలి. రెండు ఫ్లాపీల మొదటి ఘట్టం ఒక్కటే దాచుకున్నవారికి అవి తెరుచుకోవు.